అట్టలు కోసే పనికి ఎస్90వీ మడత కత్తి: ఇరవై వేలు పెట్టొచ్చా?

ప్యాకింగ్_కూకట్‌పల్లి (శనివారం, రాత్రి 9:42)

అందరికీ నమస్కారం. కూకట్‌పల్లిలో నాకు చిన్న ప్యాకింగ్ యూనిట్ ఉంది. ఆన్‌లైన్‌లో చీరలు, స్టీలు సామాన్లు అమ్మేవాళ్ళ కోసం పెట్టెలు సైజుకి కోసి, సరుకు సర్ది పంపిస్తాం. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి దాకా నా చేతిలో కత్తి ఉంటుంది. 3 ప్లై, 5 ప్లై (మూడు, ఐదు పొరల) అట్టలు, ప్లాస్టిక్ పట్టీలు, టేపు, అప్పుడప్పుడు గోనె తాడు.

ఇప్పుడు వాడుతున్నది 8సీఆర్13ఎంఓవీ అనే చైనా స్టీలు మడత కత్తి. సోమవారం పదును పెడితే బుధవారం సాయంత్రానికి అట్టని కోయడం మానేసి చింపడం మొదలుపెడుతుంది. ఏడాదిన్నరగా రాయి మీద రుద్దీ రుద్దీ బ్లేడు వెడల్పే తగ్గిపోయింది.

అరుగుదలకి బాగా తట్టుకునే స్టెయిన్‌లెస్ ఏదని ఎవరిని అడిగినా ఎస్90వీ అంటున్నారు. అన్నీ కలిపి ఇరవై వేలు దాటుతోంది. నాకది చిన్న మొత్తం కాదు. తేడా చేతికి నిజంగా తెలుస్తుందా? ఇంట్లో నేనే పదును పెట్టుకోగలనా? ఎం390, మాగ్నాకట్ లాంటి వేరే స్టీళ్ళు సరిపోతాయా?

ఇంకో భయం కూడా ఉంది. రెండేళ్ళ కింద డి2 స్టీలు అని ముద్ర ఉన్న కత్తి ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర కొన్నాను. పదును నా పాత వంటింటి చాకు కంటే తొందరగా పోయింది. ముద్రని నమ్మి మళ్ళీ మోసపోతానేమోనని టెన్షన్.

సానరాయి (శనివారం, రాత్రి 10:30)

నాలుగేళ్ళుగా నా జేబులో ఉన్నది ఎస్90వీ కత్తే. నా అనుభవం చెబుతాను.

కొత్తగా పదును పెట్టినప్పుడు చేతి మీద వెంట్రుకలు తెగే పదును ఉంటుంది చూడండి, అది ఎస్90వీలో కూడా త్వరగానే పోతుంది. చాలామంది అక్కడే నిరాశపడి "ఇంత డబ్బు పోసింది దీనికా" అంటారు. అసలు తేడా ఆ తర్వాత మొదలవుతుంది. నున్నటి పదును పోయాక మిగిలే గరుకు పదును వారాల తరబడి కదలదు. మామూలు స్టీలు రెండో రోజు నుంచే జారుతూ పోతుంది. ఇది ఒక మెట్టు దిగి అక్కడే నిలబడుతుంది. అట్టలకి మీకు కావలసింది ఆ గరుకు పదునే.

కూర్పు చూస్తే కారణం తెలుస్తుంది. కార్బన్ 2.3 శాతం, క్రోమియం 14, మాలిబ్డినం 1, వెనేడియం 9 శాతం. పాత పేరు 420వీ. దాంతో పోలిస్తే ఎస్30వీ అనే స్టీలులో వెనేడియం 4 శాతం, కార్బన్ 1.45. ఎం390లో క్రోమియం 20, వెనేడియం 4. అరుగుదల మాట వరకే చూస్తే ఈ మూడింటిలో ఎస్90వీ ముందుంటుంది.

టూల్‌రూమ్_బాలానగర్ (ఆదివారం, ఉదయం 7:15)

తమ్ముడూ, ముప్ఫై ఏళ్ళు బాలానగర్‌లో డైలు (లోహపు రేకుల్ని కోసే, వంచే అచ్చులు) చేశాను. మడత కత్తుల గురించి తక్కువ తెలుసు కానీ ఈ జాతి స్టీళ్ళు ఎలా ప్రవర్తిస్తాయో తెలుసు. కొంచెం వివరంగా రాస్తాను, ఓపికగా చదువు.

స్టీలు అరగకుండా ఆపేది దానిలో ఉండే కార్బైడ్లు, అంటే కార్బన్, లోహం కలిసి కట్టిన గట్టి రేణువులు. మెత్తటి మట్టిలో గట్టి గులకరాళ్ళు పొదిగినట్టు ఊహించుకో. మట్టి అరిగినా గులకరాయి నిలబడుతుంది. క్రోమియం కార్బైడు గట్టిదనం వికర్స్ కొలతలో 1500కి అటూ ఇటూ. వెనేడియం కార్బైడు 2800 దగ్గర ఉంటుంది. మామూలు సాన చక్రంలో, ఇంట్లో వాడే తెల్ల రాయిలో ఉండే అల్యూమినియం ఆక్సైడు 2100. అంటే నీ సానరాయి కంటే నీ కత్తిలోని గులకరాయే గట్టిది! వెనేడియం ఎక్కువున్న పంచ్‌లని తెల్ల చక్రం మీద పెడితే చక్రమే నున్నగా గ్లేజ్ అయిపోయేది, పని జరిగేది కాదు, వేడి మాత్రం పుట్టేది. అంతకన్నా గట్టి పదార్థంతో చేసిన సీబీఎన్ చక్రం వచ్చాకే మాకు ఊపిరి ఆడింది.

రెండో విషయం. మాకు డి2 అంటే హెచ్‌సీహెచ్‌సీఆర్, అంటే కార్బన్, క్రోమియం రెండూ ఎక్కువున్న స్టీలు. కార్బన్ 1.5, క్రోమియం 12. పన్నెండు ఉంది కదా, తుప్పు పట్టకూడదు కదా అనుకుంటారు. ఆ క్రోమియంలో చాలా భాగం కార్బైడ్లలోకి వెళ్ళి కూర్చుంటుంది. తుప్పుని ఆపేది బయట మిగిలినదే. ఎస్90వీలో వెనేడియం కార్బన్‌ని ముందే లాక్కుంటుంది కాబట్టి క్రోమియం చాలావరకు బయటే మిగులుతుంది. అందుకే అంత కార్బన్ ఉన్నా అది స్టెయిన్‌లెస్ అనిపించుకుంటుంది. ఆ కూర్పు వేసినవాళ్ళకి నేను మనస్ఫూర్తిగా దండం పెడతాను.

కానీ ఇంత వెనేడియం వేసి మామూలుగా పోత పోస్తే కార్బైడ్లు పెద్ద పెద్ద ముద్దలు కడతాయి, ముక్క పెళుసైపోతుంది. అందుకని కరిగిన స్టీలుని వాయువు ధారతో చిన్న చిన్న బొట్లుగా చిమ్ముతారు. బొట్టు క్షణంలో గడ్డకడుతుంది, కార్బైడు పెరగడానికి సమయం దొరకదు. ఆ పొడిని డబ్బాలో మూసి, వేడితో పాటు అన్ని వైపుల నుంచి ఒత్తిడి పెట్టి గట్టి దిమ్మ చేస్తారు. ఇదే పౌడర్ మెటలర్జీ. మన బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ అనే పరిశోధన కేంద్రం పని చేసేదే ఈ రంగంలో. అమెరికాలో క్రూసిబుల్ కంపెనీ ఈ పద్ధతిలో తెచ్చిన స్టీళ్ళ పేర్లకి ముందు సీపీఎం అని ఉంటుంది.

ఇక నీ డి2 కత్తి సంగతి. ముద్ర అబద్ధమైనా కావచ్చు, హీట్ ట్రీట్‌మెంట్ చెడగొట్టినా కావచ్చు. డి2ని 1020 డిగ్రీల దగ్గర గట్టిపరుస్తాం. ఎస్90వీకి 1120 నుంచి 1175 దాకా వెళ్ళాలి, కనీసం రెండుసార్లు టెంపర్ చెయ్యాలి, అంటే పెళుసుతనం తగ్గేలా తక్కువ వేడిలో మళ్ళీ కాచాలి. ఆ పని సరిగ్గా జరగకపోతే తొమ్మిది శాతం వెనేడియం కూడా నిన్ను కాపాడదు. గులకరాళ్ళు గట్టివే, పట్టుకునే మట్టి మెత్తగా ఉంటే ఊడి పోతాయి. కొనేముందు ఎంత హార్డ్‌నెస్ అని అడుగు. 60 ఆర్‌సీకి (రాక్‌వెల్ అనే గట్టిదనం కొలత) అటూ ఇటూ చెప్పాలి. చెప్పలేనివాడి దగ్గర కొనకు.

ఉస్మాన్‌గంజ్_హోల్‌సేల్ (ఆదివారం, ఉదయం 11:05)

నాది వేరే మాట. మా గోడౌన్‌లో రోజూ వందల కార్టన్లు విప్పుతాం. విరిచి పారేసే బ్లేడ్ల కట్టర్ వాడతాం. మొన విరిస్తే కొత్త పదును. బ్లేడ్ల డబ్బా ఖరీదు రెండు చాయ్‌లంత. ఇరవై వేలకి ఎన్నేళ్ళ బ్లేడ్లు వస్తాయో లెక్క వేసుకోండి. కుర్రాళ్ళు కత్తి పోగొట్టినా బాధ ఉండదు. ప్యాకింగ్ పనికి ఎస్90వీ కొనడం నాకు సరైన ఖర్చు అనిపించడం లేదు, భయ్యా.

ప్యాకింగ్_కూకట్‌పల్లి (ఆదివారం, మధ్యాహ్నం 1:20)

మీరు చెప్పింది నిజమే అన్నా, కుర్రాళ్ళకి నేనూ అవే ఇస్తాను. నేను మానేయడానికి ఒక కారణం ఉంది. కిందటి ఏడాది 5 ప్లై కోస్తుంటే బ్లేడు ముక్క విరిగి పెట్టెలో పడింది. పట్టుచీర పార్సిల్. వెతికాం, దొరకలేదు. మొత్తం విప్పి, చీర మడతలన్నీ దులిపి చూస్తే లోపలి మడతలో ఉంది. విప్పేవాళ్ళ చేతికి గుచ్చుకుని ఉంటే? ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి సరుకు పెట్టిన పెట్టె దగ్గర నేను విరిగే బ్లేడు వాడను, ఎవరినీ వాడనివ్వను.

టూల్‌రూమ్ సార్, మీ పోస్టు రెండుసార్లు చదివాను. గులకరాళ్ళ పోలిక వల్ల మొదటిసారి అర్థమైంది. మరి అట్టలో అంత అరగదీసేది ఏముంది?

టూల్‌రూమ్_బాలానగర్ (ఆదివారం, మధ్యాహ్నం 2:10)

మట్టి, ఇసుక. మన పెట్టెల్లో ఎక్కువ భాగం పాత కాగితం నుంచి చేసిన క్రాఫ్ట్ పేపరు. అందులో సన్నటి ఇసుక రేణువులు ఉంటాయి. చేత్తో తడిమితే తెలియదు, వాదరకి తెలుస్తుంది.

సానరాయి (ఆదివారం, మధ్యాహ్నం 2:45)

అవును. ఇంగ్లండ్‌లో షెఫీల్డ్‌లోని కాట్రా సంస్థ కత్తుల పదును పరీక్షించే యంత్రం కూడా ఈ సూత్రం మీదే నడుస్తుంది. 5 శాతం సిలికా కలిపిన కాగితాల దొంతరని కత్తి కోస్తూ పోతుంది, మొత్తం ఎన్ని మిల్లీమీటర్లు కోసిందో లెక్కిస్తారు. మీరు రోజూ చేసేది ఆ పరీక్షే అనుకోండి. అధిక వెనేడియం స్టీళ్ళు ముందుండేది సరిగ్గా ఇలాంటి పనిలోనే.

అయినా కొనమని ఇప్పుడే చెప్పను. ముందు ఒకటి చూడండి. మీ 8సీఆర్ కత్తికి వాలు, అంటే పదును పెట్టిన కోణం, ఎన్ని డిగ్రీలు? ఫ్యాక్టరీ నుంచి వచ్చేవి ఒక్కో పక్క 20, 22 ఉంటాయి. ఏడాదిన్నర చేత్తో రుద్దారు కాబట్టి ఇప్పుడు 25 దాటి ఉండొచ్చు. బ్లేడు అరిగేకొద్దీ అంచు వెనక మందం కూడా పెరుగుతుంది. మందపాటి అంచు ఉన్న ఎస్90వీ కంటే సన్నటి అంచు ఉన్న మామూలు స్టీలు అట్టని ఎక్కువసేపు కోస్తుంది. దాన్ని ఒక్కో పక్క 15కి దించి వాడి చూడండి. అప్పటికీ చాలకపోతే స్టీలు గురించి ఆలోచిద్దాం.

మిద్దెతోట_అల్వాల్ (ఆదివారం, రాత్రి 8:30)

నేనూ ఇదే ఆలోచనతో ఏడాది కిందట చాలా చదివాను, కాబట్టి రాస్తున్నాను. మా మిద్దె మీద అరవై కుండీలు, గ్రో బ్యాగులు. కొబ్బరి తాడు, మట్టి అంటిన సంచులు, కొమ్మల కత్తిరింపు, మధ్యలో నిమ్మకాయలు, మామిడి కాయల తొడిమలు కూడా అదే కత్తితో. మామిడి సొన అంటితే మామూలు కత్తి మీద గంటలో నల్లటి మరక పడుతుంది.

నేను చివరికి మాగ్నాకట్ తీసుకున్నాను. లారిన్ థామస్ అనే మెటలర్జిస్టు రూపొందించిన స్టీలు, 2021లో వచ్చింది. ఇందులో క్రోమియం 10.7 శాతమే, కానీ క్రోమియం కార్బైడ్లే లేకుండా కూర్చారు. కాబట్టి ఉన్న క్రోమియం తుప్పుని ఆపే పనిలోనే ఉంటుంది. వానాకాలమంతా తడి చేతులతో వాడాను, ఒక్క చుక్క పడలేదు. ఎస్90వీ అంతసేపు పదును నిలబడదని ఒప్పుకుంటాను. కానీ చాలా గట్టి ప్రాణం. ఎండిన మునగ కొమ్మలో పక్కకి మెలిపెట్టినా అంచు పెచ్చులూడి పళ్ళు పడలేదు. ఎస్90వీ అయితే నాకు అంత ధైర్యం ఉండేది కాదు.

తమ్ముడూ, మీ కత్తికి ఏదైనా గట్టిది తగిలే అవకాశం ఉందా? దాన్ని బట్టే నిర్ణయించుకోండి.

కోనసముద్రం (సోమవారం, ఉదయం 6:50)

చదువుతుంటే మాట్లాడకుండా ఉండలేకపోతున్నాను. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం, ఒకప్పుడు మూసల్లో ఉక్కు చేసిన ఊరు. నిజాం కాలంలో పర్షియా వ్యాపారులు అక్కడికి వచ్చి ఉక్కు ముద్దలు కొనుక్కుపోయేవాళ్ళు. ఉక్కు అన్న మన మాటే ఇంగ్లీషులో వూట్జ్ అయిందంటారు. ఆ ఉక్కుతో చేసిన డమాస్కస్ కత్తుల మీద నీటి అలల్లాంటి గీతలు రావడానికి కారణం వెనేడియం అని శాస్త్రవేత్తలు తేల్చారు. అంటే ఎస్90వీలో ఉన్నది మన ఉక్కులో ఉన్నదే!

టూల్‌రూమ్_బాలానగర్ (సోమవారం, ఉదయం 8:00)

ఊరి మీద మీ అభిమానం నాకూ ఉంది, కానీ ఒక్క సవరణ. జాన్ వెర్హోవెన్, కత్తుల తయారీదారు ఆల్ఫ్రెడ్ పెండ్రే, ఇంకొకరు కలిసి 1998లో రాసిన పేపరు నేను చదివాను. వూట్జ్‌లో వెనేడియం 0.02 శాతం లోపే. ఖనిజంతో పాటు వచ్చిన జాడ. ఆ కొద్దిపాటి వల్ల ఇనుము కార్బైడ్లు వరసలుగా పేరుకుని గీతలు వచ్చాయి. గట్టిదనం ఇచ్చింది ఇనుము కార్బైడే, వెనేడియం కార్బైడు కాదు. ఎస్90వీలో ఉన్నది దానికి వందల రెట్లు, చేసే పని కూడా వేరు. ఏ పరికరం లేకుండా, కంటితో మంట రంగు చూసి ఆ పని చేసినవాళ్ళ గొప్పతనం ఈ సవరణతో తగ్గదు.

కోనసముద్రం (సోమవారం, ఉదయం 8:25)

ధన్యవాదాలు సార్. వెనేడియం చేసే పనిని నేను తప్పుగా అర్థం చేసుకున్నాను.

ప్యాకింగ్_కూకట్‌పల్లి (సోమవారం, రాత్రి 10:15)

మిద్దెతోట అక్కా, గట్టిది తగులుతుందా అని మంచి ప్రశ్న అడిగారు. కొన్ని కార్టన్లు జిగురుతో కాకుండా ఇనప పిన్నులతో కుట్టి వస్తాయి. తొందరలో కత్తి వాటికి తగులుతుంది. ఇది నేను ఆలోచించలేదు.

సానరాయి అన్నా, వాలు కొలిచాను. ఒక పక్క 24, ఇంకో పక్క 27. సిగ్గుగా ఉంది కానీ నిజం ఇదే. ఎస్90వీకి మామూలు రాయి చాలదని అర్థమైంది కాబట్టి డైమండ్ ప్లేటు (వజ్రపు పొడి అంటించిన పలక) ఏది తీసుకోవాలి?

సానరాయి (సోమవారం, రాత్రి 11:00)

సిగ్గెందుకు, చేత్తో పెట్టే అందరికీ అంతే.

గరుకు నంబరు ఒకటి 400, ఒకటి 1000 చాలు (నంబరు పెరిగేకొద్దీ నున్నన). అట్టల పనికి 400 మీదే ఆపేసి, తోలు పట్టీ మీద డైమండ్ పేస్టుతో నాలుగైదు సార్లు లాగితే సరిపోతుంది. అద్దంలా మెరిసే పదును అట్ట మీద జారుతుంది, గరుకుది పట్టుకుంటుంది. రాణిగంజ్ టూల్స్ షాపుల్లో అడగండి. మరీ చవకవి వద్దు, పది రోజుల్లో వజ్రపు పొడి రాలిపోతుంది.

ప్లేటుని నొక్కకండి. మామూలు రాయి మీద బలం పెట్టే అలవాటు మనకి ఉంటుంది. డైమండ్ మీద బలం పెడితే ప్లేటు పాడవుతుంది, అంచు కూడా చిట్లుతుంది. కత్తి బరువు ఆనితే చాలు. ఎస్90వీలో బర్ (రుద్దినప్పుడు అంచు మీద లేచే సన్నటి లోహపు పొర) చాలా చిన్నగా లేస్తుంది, కంటికి కనబడదు, గోటితో తడిమితేనే తెలుస్తుంది. అది పూర్తిగా పోయేదాకా ఒక్కో పక్క ఒక్కో లాగుడు, తేలిగ్గా. పదును నిలవడం లేదని చెప్పేవాళ్ళలో చాలామంది బర్‌నే పదును అనుకుని వదిలేస్తారు.

అన్నిటికన్నా ముఖ్యం, పూర్తిగా మొండిబారేదాకా ఆగకండి. కొంచెం జారినప్పుడే 1000 మీద పది లాగుళ్ళు. అలా చేస్తే ఐదు నిమిషాల పని. మొండిబారాక మొదలుపెడితే ఆదివారం మధ్యాహ్నమంతా పోతుంది. వీధిలోకి వచ్చే సాన చక్రానికి మాత్రం ఈ కత్తి ఎప్పుడూ ఇవ్వొద్దు. నీళ్ళు లేకుండా తిప్పితే సన్నటి అంచు క్షణంలో కాలిపోతుంది.

ఇంకోటి. కోయడం లేదని అనిపించినప్పుడు ముందు టేపు జిగురు చూడండి. బ్లేడు మీద పేరుకున్న జిగురు వల్ల మొండిగా అనిపిస్తుంది. కొబ్బరినూనె రాసి గుడ్డతో తుడవండి. నేను ఒకసారి అనవసరంగా పదును పెట్టాక ఇది తెలిసింది.

కొనేముందు నా కత్తి రెండు వారాలు వాడి చూడండి. ఆదివారం మొజంజాహీ మార్కెట్ దగ్గర కలుద్దాం.

ఉస్మాన్‌గంజ్_హోల్‌సేల్ (మంగళవారం, ఉదయం 9:30)

చీర సంగతి చదివాక నా మాట సగం వెనక్కి తీసుకుంటున్నాను. మా దగ్గర సరుకు డబ్బాలూ, సీసాలూ కాబట్టి నాకు ఆ ఆలోచన రాలేదు.

ఒక జాగ్రత్త. కత్తి తెచ్చేటప్పుడు మెట్రో ఎక్కకండి, చెకింగ్‌లో ఆపుతారు. చట్టం ప్రకారం లైసెన్సు అడిగేది 9 అంగుళాల పొడవు, లేదా 2 అంగుళాల వెడల్పు దాటిన బ్లేడ్లకి. మీ మడత కత్తి అందులోకి రాదు. అయినా బండి డిక్కీలో పెట్టుకుని రావడం మేలు.

ప్యాకింగ్_కూకట్‌పల్లి (మూడు వారాల తర్వాత, ఆదివారం సాయంత్రం 5:50)

ఆలస్యానికి మన్నించండి. పండగ ఆర్డర్లు.

ముందు నా పాత 8సీఆర్‌ని 400 ప్లేటు మీద ఒక్కో పక్క 15కి దించాను. దాదాపు రెండు గంటలు పట్టింది. వారం వాడాను. బుధవారం చింపేది ఇప్పుడు శుక్రవారం దాకా కోసింది. స్టీలు మార్చకుండానే! ఇది ముందే తెలిసి ఉంటే ఆ డి2 కత్తి జోలికే పోయేవాడిని కాదు.

తర్వాత సానరాయి అన్న ఎస్90వీ. పన్నెండు పని దినాలు వాడాను, ఒక్కసారి కూడా ప్లేటు ముట్టుకోలేదు. నాలుగో రోజుకి నున్నటి పదును పోయింది, అన్న చెప్పినట్టే. అక్కడి నుంచి పన్నెండో రోజు దాకా నాకు తేడా తెలియలేదు. 5 ప్లై అడ్డంగా కోసేటప్పుడు మణికట్టుకి పడే భారం తగ్గింది. పాత కత్తితో రోజు చివరికి నొప్పి వచ్చేది, ఈ రెండు వారాలు రాలేదు. ధర గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, నాకైతే అన్నిటికన్నా పెద్దది ఇదే.

చెడ్డ వార్త కూడా చెప్పాలి. తొమ్మిదో రోజు పిన్నుకి తగిలింది. మొనకి అంగుళం వెనక రెండు చిన్న పళ్ళు పడ్డాయి. గోరు ఆనిస్తే తగులుతున్నాయి. అన్నా, ఆ రోజే ఫోన్ చేసి చెప్పాను, మీరు పరవాలేదన్నారు, కానీ నాకు మనసులో ఉండిపోయింది. పోగొట్టడానికి ఎంత పని?

టూల్‌రూమ్_బాలానగర్ (ఆదివారం, రాత్రి 7:30)

గోటికి అందేంత పన్నైతే పెద్దది కాదు. మొత్తం ఒకేసారి తీసేయాలని చూడొద్దు. 400 మీద మామూలుగా పదును పెట్టండి, రెండు మూడు సార్లకి అవే పోతాయి. ఇకనుంచి కొత్త కార్టన్ చేతికి రాగానే కుట్టు ఎటుందో చూసి, అటువైపు పాత 8సీఆర్‌తో విప్పండి. మెత్తటి స్టీలు వంగుతుంది, పెచ్చు లేవదు.

మిద్దెతోట_అల్వాల్ (ఆదివారం, రాత్రి 8:10)

పిన్నులు వారానికి ఎన్ని పెట్టెలకి ఉంటాయి? ఎక్కువైతే మాగ్నాకట్ వైపు చూడమంటాను.

ప్యాకింగ్_కూకట్‌పల్లి (ఆదివారం, రాత్రి 8:40)

పదింటిలో ఒకటి ఉంటుందేమో అక్కా, అవి కూడా ఇద్దరు సప్లయర్ల దగ్గర నుంచే వస్తాయి. టూల్‌రూమ్ సార్ చెప్పినట్టు వాటిని వేరే బల్ల మీద పెట్టించి పాత కత్తితో విప్పుతాం. కోత బల్ల దగ్గర కొత్త అట్టలే ఉంటాయి, వాటికి పిన్ను ఉండదు. అక్కడికి ఎస్90వీ తీసుకుంటున్నాను. హార్డ్‌నెస్ 60 నుంచి 61 అని రాసిచ్చిన ఒక అమ్మకందారు దొరికాడు. వాలు 20తో వస్తుంది, 16కి దించుతాను.

సానరాయి అన్నా, మీ కత్తి వచ్చే ఆదివారం అదే చోట ఇస్తాను. కొత్తది కూడా అప్పటికి వస్తే తెస్తాను, వాలు దించడం మీరు పక్కనుండి ఒకసారి చూపించాలి.

సానరాయి (ఆదివారం, రాత్రి 9:05)

తప్పకుండా. పదకొండు గంటలకి. 400 ప్లేటు, మార్కర్ పెన్ను తీసుకురండి. వాలు మీద మార్కర్ గీసి రుద్దితే రంగు ఎక్కడ పోతోందో చూసి కోణం పట్టుకోవచ్చు. నా కత్తి మీద పళ్ళు అలాగే ఉంచండి, మీ చేత్తోనే తీయిస్తాను.